అభిరుచులు కలవని మిత్రులు కలిసి చదవాలంటే: స్టోరీగ్రాఫ్ సమీక్ష

పుస్తకాల జాబితాలు రాసుకోవడానికీ, చదివినవాటికి రేటింగులు ఇచ్చుకోవడానికీ ఇప్పుడు దొరుకుతున్న సేవల్లో చాలావాటిది ఒకటే పద్ధతి. మనకు నచ్చిన పుస్తకాలను బట్టి మనలాంటి పాఠకులను వెతికి, వాళ్లకు నచ్చిన మరో పుస్తకాన్ని మన ముందు పెడతాయి. ఒంటరిగా చదువుకునేవారికి ఇది బాగానే పనికివస్తుంది. కానీ చదివే అభిరుచులు కలిసినందువల్ల ఎవరూ స్నేహితులు కారు. మా నలుగురు మిత్రులనే చూడండి. ఒకరికి చేతిలో నేరపరిశోధన నవల ఉంటే లోకంతో పనిలేదు. ఒకరు జీవితచరిత్రలు, చరిత్ర గ్రంథాలు తప్ప కల్పిత కథను నమ్మరు. మరొకరికి కుటుంబాల కథలే ప్రాణం. ఇంకొకరు కవిత్వం దగ్గరా, పాత నాటకాల దగ్గరా ఉండిపోయారు. ఆ నాలుగో మనిషిని నేను. మాకు ఒకరి పుస్తకాలు మరొకరికి సిఫారసు చేసే యంత్రం అక్కర్లేదు. ఒకే పుస్తకాన్ని ఎవరి తీరున వాళ్లు చదువుతూ, అందులోని మనుషుల గురించి తీరిగ్గా వాదించుకునే చోటు కావాలి. స్టోరీగ్రాఫ్ అనే సేవ ఆ అవసరానికి ఎంతవరకు సరిపోతుందన్న దృష్టితోనే ఇక్కడ సమీక్షిస్తున్నాను.

ఈ రంగంలో పాతవాటిలో ఒకటైన లైబ్రరీథింగ్‌ను టిమ్ స్పాల్డింగ్ 2005లో ప్రారంభించారు. గుడ్‌రీడ్స్ 2007లో వచ్చింది. 2013లో దాన్ని అమెజాన్ కొనుగోలు చేసింది. స్టోరీగ్రాఫ్ వీటి తర్వాతి తరానిది. నాడియా ఒడునాయో అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు 2019లో సొంతంగా దీని పని మొదలుపెట్టారు. 2020లో పాఠకుల్లో దీని పేరు పాకింది. 2021 జనవరిలో ఇది బీటా అనే ప్రయోగ దశ దాటింది. ఫోనులో యాప్‌గానూ, కంప్యూటర్‌లో వెబ్‌సైట్‌గానూ వాడుకోవచ్చు. గుడ్‌రీడ్స్‌లో పోగుచేసుకున్న జాబితాను ఫైలుగా దించుకుని ఇక్కడికి ఎక్కించుకునే వీలుంది కాబట్టి, మారదలచినవాళ్లు మళ్లీ మొదటి నుంచి రాసుకోవాల్సిన పనిలేదు. డబ్బు కట్టి తీసుకునే ప్లస్ పథకం ఒకటి ఉంది గానీ, నేను ఇక్కడ ప్రస్తావించేవి ఉచిత ఖాతాతోనే అందుతాయి.

ముందుగా స్టార్ల సంగతి. గుడ్‌రీడ్స్‌లో ఒకటి నుంచి ఐదు వరకు పూర్తి స్టార్లే ఉంటాయి. రెండు స్టార్లంటే ఫర్వాలేదనిపించిందని అక్కడి వివరణ. లైబ్రరీథింగ్ అర స్టారును అనుమతిస్తుంది. స్టోరీగ్రాఫ్ పావు స్టారు దాకా వెళ్తుంది. ఒక మనిషి తన సొంత అభిప్రాయాన్ని తనకోసం నమోదు చేసుకునేటప్పుడు ఈ సూక్ష్మత నిజంగా మేలు చేస్తుంది; మూడున్నరకూ నాలుగుకూ నడుమ నిలబడే పుస్తకాలు చాలానే ఉంటాయి. మిత్రబృందంలో మాత్రం అంకె ఎంత సూక్ష్మమైతే చర్చకు అంత చేటు అని నాకు గట్టిగా అనిపించింది. ఒకరు 3.75 ఇచ్చి, మరొకరు 4.25 ఇస్తే మాటలన్నీ ఆ అర స్టారు చుట్టూనే తిరుగుతాయి, పుస్తకం పక్కకు పోతుంది. స్టార్లు ఇవ్వకుండానే సమీక్షను భద్రపరచుకోవచ్చు కాబట్టి, చర్చ ముగిసేదాకా ఎవరూ రేటింగ్ పెట్టకూడదని మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. ఈ సేవను బృందంగా వాడదలచిన ఎవరికైనా అదే చెబుతాను.

స్టార్లకంటే ఎంతో విలువైనవి ఈ సేవ సమీక్షకుడిని అడిగే ప్రశ్నలు. కల్పిత రచన అయితే, అది కథ బలంతో నడుస్తోందా, పాత్రల బలంతో నడుస్తోందా, లేక రెండూ సమంగా నడిపిస్తున్నాయా అని అడుగుతుంది. పాత్రల్లో గట్టి ఎదుగుదల ఉందా, అవి ప్రేమించదగినవిగా ఉన్నాయా, వాటిలో వైవిధ్యం ఉందా, పాత్రల లోపాలే రచనకు ప్రధాన విషయమా అని వరుసగా అడుగుతుంది. అవును, కాదు అనే జవాబులతో పాటు, అంత తేలిగ్గా తేల్చలేమని చెప్పే జవాబు కూడా ఉంటుంది. చదివినవాళ్లందరి జవాబులూ కలిసి పుస్తకం పేజీలో శాతాలుగా కనిపిస్తాయి. ఇష్టమైన పాత్ర ఎవరని అడిగితే పేరు చెప్పి ఊరుకునేవాళ్లను కూడా ఈ ప్రశ్నలు ఒక అడుగు ముందుకు తోస్తాయి. ఒకే పుస్తకానికి మా నలుగురి జవాబులూ పక్కపక్కన పెట్టి చూస్తే, మేమంతా ఒకే పుస్తకం చదివామంటే బయటివాళ్లు నమ్మరు.

ప్రేమించదగిన పాత్రలా అన్న ప్రశ్ననే తీసుకోండి. కుటుంబ కథలు చదివే నా స్నేహితురాలికి అది పుస్తకాన్ని తూచే మొదటి రాయి. ఒక్క మనిషి మీదైనా మనసు పడకపోతే మూడువందల పేజీలు ఎవరి కోసం చదవాలని ఆవిడ వాదన. నేరపరిశోధన నవలల మిత్రుడికి ఆ ప్రశ్నే అసంగతం. అతనికి పాత్ర తెలివైనదై ఉండాలి, దాచవలసినదాన్ని సరిగ్గా దాచాలి. ప్రేమ సంగతి అతను ఆలోచించడు. చరిత్ర చదివే స్నేహితురాలు మాత్రం ప్రతిసారీ తేల్చలేమన్న జవాబే పెడుతుంది. నిజంగా బతికిన మనుషుల ఉత్తరాలు, దినచర్యలు చదివిన తరువాత ఎవరినీ నిండుగా ప్రేమించడమో, నిండుగా ద్వేషించడమో కుదరదని, కల్పిత పాత్రకూ అదే కొలత వాడతానని ఆమె అంటుంది. ఈ ముగ్గురి జవాబుల మధ్య దూరంలోనే మా సంభాషణ మొదలవుతుంది. పాఠకుల అభిప్రాయాన్ని ఒక సగటు అంకెకు కుదించకుండా, ఎవరు దేనికోసం చదువుతారో బయటపెట్టే ప్రశ్నలు అడగడం ఈ సేవ చేసిన మంచి పని అని నా నిశ్చితాభిప్రాయం.

అయితే వీటిలో ఒక ప్రశ్నతో నాకు పేచీ ఉంది. పాత్రల్లో ఎదుగుదల ఉందా అని అడిగి, కాదు అన్నవాళ్ల శాతాన్ని చూపిస్తే, చూసేవాళ్లకు అది రచనలోని లోపంగానే తోస్తుంది. షెర్లాక్ హోమ్స్ 1887లో మొదటిసారి అచ్చులో కనిపించాడు. 1927 వరకు నాలుగు నవలల్లో, 56 కథల్లో నడిచాడు. ఆ నలభై ఏళ్లలో అతని స్వభావంలో వచ్చిన మార్పు చాలా తక్కువ. 1893లో వచ్చిన కథలో రచయిత అతన్ని చంపేస్తే పాఠకులు సహించలేదు. చివరకు 1903లో, అతను ఆనాడు అసలు చావనే లేదని చెబుతూ తిరిగి తీసుకురావలసి వచ్చింది. పాఠకులు అంతగా కోరుకున్నది మారని మనిషినే. ఇంగ్లిషు నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ 1927లో ఇచ్చిన ఉపన్యాసాల్లో పాత్రలను రెండు రకాలుగా విడదీశారు: ఒకే గుణం చుట్టూ అల్లుకున్నవి ఒక రకం, మనల్ని నమ్మదగినట్టుగా ఆశ్చర్యపరచగలిగేవి ఇంకో రకం. మొదటి రకాన్ని ఆయన పూర్తిగా తీసిపారేయలేదు. వచ్చిన వెంటనే గుర్తుపట్టగలమని, తరువాత కూడా సులువుగా గుర్తుంటాయని వాటి బలం చెప్పారు. ఎదుగుదల ప్రశ్న పక్కనే, ఆ ఎదుగుదల ఈ రచనకు అవసరమా అన్న ప్రశ్న కూడా ఉంటే నేరపరిశోధన సాహిత్యానికి న్యాయం జరిగేది. నా మిత్రుడు ఈ విషయంలో పడే బాధ న్యాయమైనదే. తను ఇష్టంగా చదివే డిటెక్టివ్ వరుస నవలల పక్కన ఆ శాతాన్ని చూసి, కొత్తవాళ్లు పుస్తకం తెరవకుండానే పక్కన పెడతారేమో అన్నది అతని భయం.

ఇక ఈ సమీక్ష రాయడానికి అసలు కారణమైన బడ్డీ రీడ్ దగ్గరకు వస్తాను. ఒక పుస్తకాన్ని ఎంచుకుని మిత్రులను అందులోకి పిలుస్తాము. చదువుతూ ఉండగా ఎవరికి ఏమి తోచినా, ఆ పేజీ సంఖ్యో, అప్పటికి పూర్తయిన శాతమో చెప్పి వ్యాఖ్య రాస్తారు. ఆ వ్యాఖ్యకు తాళం పడుతుంది. మిగతావాళ్లు తమ పఠనంలో ఆ చోటికి చేరుకున్నట్టు నమోదు చేసినప్పుడే అది తెరుచుకుంటుంది. ముందెక్కడో ఒక వ్యాఖ్య ఉందని తెలుస్తుంది, అందులో ఏముందో తెలియదు. చెప్పుకోవడానికి చాలా చిన్న ఏర్పాటు. మామూలు మెసేజింగ్ గ్రూపులో పుస్తకాల గురించి మాట్లాడుకుని విసిగినవాళ్లకే దీని విలువ పూర్తిగా తెలుస్తుంది. అక్కడ వేగంగా చదివే మనిషి ముందే అన్నీ చెప్పేస్తారు, నెమ్మదిగా చదివేవాళ్లు మాట్లాడే సమయానికి చర్చ చల్లారిపోతుంది. అభిరుచులు వేరైన బృందంలో ఈ వేగాల తేడా ఇంకా ఎక్కువ. తనకు అలవాటు లేని రకం పుస్తకాన్ని ఎవరైనా నెమ్మదిగానే చదువుతారు. అంటే ఏ పుస్తకం తీసుకున్నా, ఏ మనిషి కొత్త చూపుతో చూడగలరో వాళ్లే అందరికంటే వెనక ఉంటారు. తాళం వేసిన వ్యాఖ్య ఆ వెనకబడిన మనిషికి స్థానం కాపాడుతుంది. వాళ్లు వచ్చేసరికి పక్కవాళ్ల మొదటి ఆలోచన చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది.

మేము కలిసి చదివినవాటిలో గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం ఈ ఏర్పాటుకు గట్టి పరీక్ష పెట్టింది. నాటకం సూచించింది నేనే. చరిత్ర చదివే స్నేహితురాలు వెంటనే ఒప్పుకుంది, కుటుంబ కథల స్నేహితురాలు సరేనంది, నేరపరిశోధన మిత్రుడు మాత్రం మొహమాటానికి తల ఊపాడు. తీరా చూస్తే మొదటి రంగం దగ్గర అందరికంటే పొడుగైన వ్యాఖ్య రాసింది అతనే. గిరీశం నోటి నుంచి వచ్చిన మొదటి స్వగతం అతని దృష్టిలో ఒక మోసగాడి వాంగ్మూలం: ఊళ్లో బాకీలు పెరిగాయి, ఊరు విడిచిపోవాలి, పోవడానికి మర్యాదైన సాకు కావాలి, ఆ సాకు పేరు వెంకటేశం. ఎవరి దగ్గర ఏ అబద్ధం ఆడాడో, ఏ అబద్ధం ఏ రంగంలో బయటపడాలో అతను అప్పుడే పట్టిక రాసి పెట్టాడు. ఎన్నోసార్లు చదివిన నాటకమే అయినా, గిరీశం మాటల గారడీకి నవ్వుకుంటూ పోయిన నేను అతని అప్పుల లెక్కను అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు.

కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు కట్టబెట్టే ఘట్టం నుంచి మిత్రుడికి ఇది తన సొంత పొలమే అయింది. మారువేషం ఉంది, మాయమైన పెళ్లికూతురు ఉంది, చేతులు మారి జగడం తెచ్చిన కంటె అనే మెడ నగ ఉంది, చివరకు అసలు ఎవరూ చావని హత్య నేరం ఉంది. శవం లేని హత్య కేసు ఇంత సరదాగా నడపడం చూసి అతను రాసిన వ్యాఖ్య తాళం తీసుకుని చదివినప్పుడు, ఆ ఒక్క వ్యాఖ్య కోసమైనా ఈ సేవను వాడవచ్చనిపించింది. అదే చోట కుటుంబ కథల స్నేహితురాలి వ్యాఖ్య కూడా తెరుచుకుంది. అందులో కేసు ఊసే లేదు, అంతా బుచ్చమ్మ గురించే. నాటకంలో అందరూ ఏదో ఒక వేషంలో ఉన్నారు, మాటను మాటగా నమ్మిన మనిషి బుచ్చమ్మ ఒక్కతే, అందరూ గిరీశం తెలివి గురించి మాట్లాడతారు గానీ ఆమె నమ్మకానికి ఏమవుతుందని ఎవరూ అడగరేమని ఆవిడ ఆవేదన. ఇద్దరూ ఒకే అంకం చివర, ఒకరి మాట ఒకరికి తెలియకుండా రాశారు. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుని ఉంటే, ముందు నోరు తెరిచిన మనిషి దారిలోనే మిగతావాళ్లమూ నడిచేవాళ్లం. గొంతు పెద్దదైన మనిషిదే పైచేయి కాకుండా చూడడం ఏ చర్చాబృందానికైనా కష్టమైన పని; ఇక్కడ దాన్ని ఒక తాళం చేసిపెడుతోంది.

మధురవాణి దగ్గర మాత్రం నలుగురికీ పడలేదు. నా మటుకు నాకు ఆ నాటకంలో అందరికంటే స్పష్టంగా చూడగలిగిన మనిషి ఆమే. తన చుట్టూ ఉన్న మగవాళ్లను ఎంతవరకు నమ్మాలో ఆమెకు తెలుసు, ఎవరి కోసం చిక్కు విప్పాలో కూడా తెలుసు. నేరపరిశోధన మిత్రుడు ఆమెలో కథకు ముడి వేసి విప్పే చేతిని చూశాడు. చివర్లో మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి నిజం చెప్పడం, డిటెక్టివ్ నవలలో అందరినీ కూర్చోబెట్టి గుట్టు విప్పే చివరి అధ్యాయంలాంటిదేనని అతని లెక్క. చరిత్ర చదివే స్నేహితురాలు ఆ ఇద్దరి సంభాషణ దగ్గర సౌజన్యారావును పట్టుకుంది. అంత నిష్ఠగా ఉన్న సంస్కర్త నిజజీవితంలో కూడా ఇలాంటి మనిషి ముందు తడబడేవాడని, ఆ తడబాటు ఉన్నందుకే ఆయన తనకు నమ్మదగిన మనిషిగా కనిపించాడని రాసింది. ఆయన ఆదర్శం కోసం అల్లిన బొమ్మ అనే మాట నేను చాలాసార్లు విన్నాను, నేనూ కొంత అలాగే అనుకునేవాణ్ణి. ఆమె వ్యాఖ్య చదివిన తరువాత ఆ రంగాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. ఇప్పుడు ఆయన మాట్లాడే ప్రతి మాట వెనకా ఉన్న ఇబ్బంది నాకు వినిపిస్తోంది.

ముందే కథ తెలిసిపోతే నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో ప్రాంగణానికి చెందిన లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన పరిశోధనలో, చిన్న కథల ముగింపు ముందే తెలిసిన పాఠకులు వాటిని తక్కువగా ఆనందించలేదని, పైగా సగటున ఎక్కువగానే ఇష్టపడ్డారని తేలింది. ఒంటరి పాఠకుడి ఆనందం వరకు దాన్ని నేను కాదనను. మన ఇతిహాసాల కథ ఎవరికి తెలియదు, అయినా కర్ణుడి గురించి వాదన ఎన్నడూ ఆగలేదు కదా. అయితే మిత్రుల చర్చలో పోయేది ఆనందం కాదు, ఊహ. సగం పుస్తకంలో ఉన్నప్పుడు ఒక పాత్ర గురించి మనం వేసుకున్న అంచనా, చివర తెలిసిన తరువాత మనకే గుర్తుండదు. మొదటి నుంచీ నాకు తెలుసనిపిస్తుంది. బడ్డీ రీడ్‌లో రాసిన వ్యాఖ్య ఆ అంచనాను తేదీతో సహా పట్టి ఉంచుతుంది. గిరీశం మారతాడని రెండో అంకంలో నమ్మినవాళ్లెవరో, నమ్మనివాళ్లెవరో చివర్లో తిరిగి చూసుకోవడం మా చర్చల్లో చాలా విలువైన భాగం అయింది.

ఈ ఏర్పాటు బాగా పనిచేయాలంటే అందరి దగ్గరా ఒకే పాఠం ఉండాలి, పాత తెలుగు పుస్తకాలతో చిక్కంతా ఇక్కడే. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో వచ్చింది, రెండోది 1909లో. రెండోది మొదటిదానికి మెరుగులు దిద్దిన ప్రతి కాదు. చాలా వరకు కొత్తగా రాసిన నాటకం. అయిదు అంకాలు ఏడయ్యాయి, మధురవాణి పాత్ర ఎంతో పెరిగింది. చరిత్ర చదివే స్నేహితురాలు పట్టుదలగా మొదటి కూర్పును కూడా పక్కన పెట్టుకుని చదివింది. దాంతో ఒకచోట ఆమె చెబుతున్న మధురవాణి మాకు తెలిసిన మధురవాణి కాకుండా పోయింది. పుస్తకాల జాబితా సేవలు ఒక రచన ముద్రణలన్నిటినీ ఒకే గొడుగు కింద చేర్చి, వాటి రేటింగులను, సమీక్షలను కలిపేస్తాయి. అట్టలు, పేజీల సంఖ్య మాత్రమే మారిన ముద్రణలకు ఆ పద్ధతి సరైనదే. రచనే మారిపోయిన చోట శాతం లెక్క కూడా అక్కరకు రాదు. అయిదంకాల నాటకంలో సగం, ఏడంకాల నాటకంలో సగం ఒకే చోటు కాదు. చదవడం మొదలుపెట్టేముందే ఏ కూర్పు, ఎవరి ప్రచురణ అని నిర్ణయించుకోవడం తప్ప దీనికి మరో మందు లేదు.

పుస్తకం దొరకబుచ్చుకోవడం మరో సంగతి. ఇలాంటి సేవలన్నీ ప్రధానంగా పుస్తకాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే ఐఎస్‌బీఎన్ మీద ఆధారపడతాయి. ఆ సంఖ్య అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది 1970లో. పది అంకెల నుంచి పదమూడు అంకెలకు మారింది 2007లో. అంతకు ముందటి ముద్రణలకూ, చిన్న ప్రచురణకర్తలు వేసిన పుస్తకాలకూ అది ఉండకపోవచ్చు. అప్పుడు పుస్తకాన్ని మనమే చేత్తో చేర్చుకోవాలి: శీర్షిక, రచయిత, పేజీల సంఖ్య, దొరికితే అట్ట బొమ్మ. చేర్చడం కష్టమేమీ కాదు, అయితే తెలుగు పేరును తెలుగు లిపిలో ఒకరూ, ఇంగ్లిషు అక్షరాల్లో మరొకరూ చేర్చితే ఒకే పుస్తకం రెండు పుస్తకాలుగా విడిపోతుంది, మిత్రులు వేర్వేరు చోట్ల తిరుగుతుంటారు. ఒకరు చేర్చి, ఆ లింకును మిగతావాళ్లకు పంపడం మంచిది. పాత్రల పేర్లు నమోదు చేసుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లు లైబ్రరీథింగ్‌ను కూడా ఒకసారి చూడవచ్చు. అక్కడ సభ్యులే పూరించే సమాచారంలో పాత్రలకు ప్రత్యేకంగా ఒక గడి ఉంది. ఒక పాత్ర ఏ పుస్తకాల్లో వస్తుందో వెతుక్కునేవాళ్లకు అది నిజమైన ఆస్తి.

పుస్తకం మనోభావాన్నీ, వేగాన్నీ నమోదు చేసే పద్ధతి గురించి చాలామంది గొప్పగా చెబుతారు. విషాదం, ఉత్కంఠ, ఆశ, హాస్యం, ఆలోచన లాంటి భావాల్లోంచి పాఠకులు ఎంచుతారు. నడక నెమ్మదా, మధ్యస్థమా, వేగమా అన్నది చెబుతారు. వాటి మీద వచ్చే రంగురంగుల చక్రాలు చూడటానికి బాగుంటాయి. మా బృందానికి వాటివల్ల ఒరిగింది తక్కువ, పుస్తకం ఎంపికకు కొంత సాయం అంతే. దానికంటే మేలు చేసింది, పుస్తకంలో బాధపెట్టే విషయాలున్నాయని పాఠకులు ముందుగా చెప్పే హెచ్చరికల ఏర్పాటు. అవి తీవ్రంగా ఉన్నాయా, ఒక మోస్తరుగా ఉన్నాయా, స్వల్పంగా ఉన్నాయా అని మూడు మెట్లుగా ఉంటాయి. హత్యల కథలు చదివే మనిషి, రక్తం మాట చదవలేని స్నేహితురాలికి ఒక నవల సూచించేటప్పుడు ఇది ఎంతో ముఖ్యం. తనకు అలవాటైపోయిన దృశ్యం ఎదుటి మనిషికి ఎంత కష్టంగా ఉంటుందో సూచించేవాళ్లకు తట్టదు. పుస్తకం ముగింపు చెప్పకుండానే ఆ హెచ్చరిక అందించవచ్చు.

మధ్యలో వదిలేసిన పుస్తకాన్ని, చదివినవాటిలో కలపకుండా, పూర్తి చేయలేదని విడిగా నమోదు చేసే వీలు ఉండటాన్ని కూడా నేను మెచ్చుకుంటాను. అభిరుచులు వేరైన మిత్రుల మధ్య ఇది సున్నితమైన విషయం. ఒకరు ప్రాణంగా చూసుకునే పుస్తకాన్ని మరొకరు నలభయ్యో పేజీలో మూసేస్తే మనసు చివుక్కుమంటుంది. కానీ ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో రాసిన ఒక నిజాయితీగల వ్యాఖ్య, మొహమాటంతో చివరిదాకా చదివి బాగుందని రాసిన మాటకంటే ఎక్కువ చెబుతుంది. చరిత్ర చదివే స్నేహితురాలు ఒక కాల్పనిక నవలను వదిలేస్తూ, అందులోని రాజుకు తిండి, పన్ను, సైన్యం ఖర్చు గురించిన దిగులు ఒక్కసారైనా కలగలేదని రాసింది. ఆ తరువాత అలాంటి నవల ఏది చదివినా ఆ రాజ్యం ఎలా గడుస్తోందని నా కళ్లు వెతుకుతూనే ఉన్నాయి.

ఈ సేవ ఎవరికి తగినదంటే, ముగ్గురు నుంచి ఏడెనిమిది మంది దాకా ఉన్న చిన్న బృందాలకు, అందులోనూ వేర్వేరు వేగాలతో చదివేవాళ్లున్న బృందాలకు, నేను సందేహం లేకుండా దీన్ని సూచిస్తాను. పెద్ద బృందాలకు ఇందులోనే రీడ్‌అలాంగ్ అనే వేరే ఏర్పాటు ఉంది, కానీ మనుషులు ఎక్కువైనకొద్దీ తెరుచుకునే వ్యాఖ్యల వరద పుస్తకాన్ని ముంచేస్తుంది. ఎప్పుడూ ఒకే రకం పుస్తకాలు చదివేవాళ్లు మాత్రమే ఉన్న బృందానికి ఇది అంత అవసరం కాదు. వాళ్లకు మామూలు జాబితా సరిపోతుంది. మీ జాబితా మొత్తాన్ని ఫైలుగా బయటికి దించుకునే సౌకర్యం ఉంది కాబట్టి, నచ్చకపోతే మీ నమోదులతో సహా బయటికి రావచ్చు.

మొదలుపెట్టేవాళ్లు పెద్ద నవలతో కాకుండా నాటకంతోనో, పొట్టి నవలతోనో మొదలుపెట్టడం మేలు. అంకాలో, అధ్యాయాలో స్పష్టంగా ఉన్న పుస్తకమైతే ఎక్కడ వ్యాఖ్య రాయాలో అందరికీ తెలుస్తుంది. ప్రతి విడతకూ ఒకరు పుస్తకం ఎంచాలి, ఎంచిన మనిషి మొదటి నాలుగో వంతు వరకు వ్యాఖ్య రాయకుండా ఉండాలి. తనకు ఇష్టమైన పుస్తకం కాబట్టి వాళ్లకు చెప్పవలసింది చాలా ఉంటుంది, ఆ ఉత్సాహం మిగతావాళ్ల చూపును మళ్లిస్తుంది. మా దగ్గర తరువాతి వంతు నేరపరిశోధన మిత్రుడిది. ఎదుగుదల అసలే లేని డిటెక్టివ్‌ను ఎంచుతానని అతను ముందే చెప్పాడు, కుటుంబ కథల స్నేహితురాలు ఆ డిటెక్టివ్ ఇంట్లోవాళ్ల గురించి ప్రశ్నలు సిద్ధం చేసుకుంటోంది.